హాలు కట్టారు సరే, కోచ్‌కి జీతం ఎవరిస్తారు?

ఒడిశాలోని బరంపురంలో బరువులెత్తే పిల్లలకు కొదవ లేదు. ఈ ఊరివాడే కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం కొట్టాడు. నాలుగేళ్ల తర్వాత గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి తెచ్చాడు. ఇక్కడ రైలెక్కి ఇచ్ఛాపురం, పలాస దాటి వెళ్తే ఆమదాలవలస వస్తుంది. దాని పక్కనున్న ఊసవానిపేట, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊరు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ఈ కోస్తా ముక్కలో తాలింఖానా (వ్యాయామశాల), హనుమంతుడి పటం, దండీలు, బస్కీలు తాతల కాలం నుంచి ఉన్నవే. పిల్లల్ని వెతుక్కోవాల్సిన పని లేదు. వాళ్లను నిలబెట్టే డబ్బే ఎక్కడో ఆగిపోతోంది.

ఒడిశాలో ఆటలకు డబ్బు లేదనడానికి మాత్రం వీల్లేదు. 2018 నుంచి భారత హాకీ జట్ల చొక్కాల మీద ఒడిశా పేరే ఉంది. 2023 నుంచి 2033 వరకు ఆ స్పాన్సర్‌షిప్‌కు రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన మొత్తం 434 కోట్ల రూపాయలు. రూర్కెలాలో 20 వేల మందికి పైగా కూర్చునే బిర్సా ముండా హాకీ స్టేడియం 2023 జనవరిలో ప్రపంచ కప్‌కు సిద్ధమైంది. పట్టణాల్లో 89 ఇండోర్ స్టేడియాలు కడతామని 2021లో ప్రకటించారు, అంచనా 693 కోట్లు. క్రీడల శాఖ బడ్జెట్ 2023-24లో వెయ్యి కోట్లు దాటింది. ఇన్ని కోట్లున్న రాష్ట్రంలో సందు చివరి వ్యాయామశాలలో ట్యూబ్‌లైటు పోతే కోచ్ తన జేబులోంచి కొని పెట్టడం ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఇందులో అవినీతి ఉందా లేదా అన్నది వేరే సంగతి. అవినీతి ఒక్క పైసా లేకపోయినా ఇదే జరుగుతుంది. డబ్బు వచ్చే దారులే అలా ఉన్నాయి.

ప్రభుత్వ లెక్కల్లో డబ్బు రెండు రకాలు. గోడలు, కప్పు, సామాన్ల లాంటి వాటికి ఒకసారి పెట్టేసేది మూలధన వ్యయం. జీతం, కరెంటు, మరమ్మతు, ప్రయాణాల లాంటి వాటికి నెలనెలా, ఏటేటా పెట్టాల్సింది నిర్వహణ ఖర్చు. మొదటిదానికి టెండరుంటుంది, కాంట్రాక్టరుంటాడు, శంకుస్థాపన ఉంటుంది, చివర పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. రెండోదానికి ఇవేవీ లేవు. పైగా ఒక్కసారి ఒప్పుకుంటే ఏటా పెరుగుతూ పోతుంది. అందుకే ఏ ప్రభుత్వానికైనా మొదటిది ఇష్టం, రెండోదంటే భయం. రిబ్బన్ కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి బల్బు మార్చడానికి రాడు కదా. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే.

ఒక హాలు, 60 మంది పిల్లలు

మాటలతో కాకుండా ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఇది ఏ క్లబ్బు ఖాతా పుస్తకంలోదీ కాదు. అంకెలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు, చివరికి తేలేది మాత్రం పెద్దగా మారదు.

వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే ఒక చిన్న హాలు ఉంది, 60 మంది పిల్లలు వస్తారు అనుకుందాం. కోచ్‌కి నెలకు 20 వేలు. ఇది గొప్ప జీతమేమీ కాదు, ఉదయం, సాయంత్రం రెండు పూటలూ వచ్చే మనిషికి ఇంతకంటే తక్కువ ఇస్తే అవమానం. ఏడాదికి 2 లక్షల 40 వేలు. తాళం తీసి, ఊడ్చి, కాపలా కాసే మనిషికి నెలకు 8 వేలు, అంటే ఏడాదికి 96 వేలు. కరెంటు, నీళ్లు నెలకు 5 వేల చొప్పున 60 వేలు. అరిగిపోయే, విరిగిపోయే సామానుకు 60 వేలు. 15 మంది పిల్లల్ని ఏడాదిలో నాలుగు పోటీలకు తీసుకెళ్లాలి, తలకు 1,500 చొప్పున 90 వేలు. ఎంట్రీ ఫీజులు, ఆడిటర్, ఫైళ్లు, జిరాక్స్‌లు అన్నీ కలిపి 24 వేలు. మొత్తం 5 లక్షల 70 వేలు. పిల్లాడికి ఏడాదికి 9,500, నెలకు 800కి కాస్త తక్కువ.

తల్లిదండ్రుల దగ్గర నెలకు 200 వసూలు చేస్తే అందరూ కట్టినా వచ్చేది 1 లక్షా 44 వేలు, ఖర్చులో నాలుగో వంతు. అందరూ కట్టరు. మగ్గం ఇళ్ల నుంచి, ఆటో నడిపేవాళ్ల ఇళ్ల నుంచి, తోపుడుబండ్ల వాళ్ల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలే ఈ ఆటలో ఎక్కువ. ఇంట్లో ఇద్దరు వస్తుంటే 400 అవుతుంది, అందులో కొన్ని రోజుల బియ్యం ఖర్చు గడిచిపోతుంది. సగం మందికి ఫీజు మాఫీ చేస్తే వచ్చేది 72 వేలు. మిగతా 5 లక్షలు ఎక్కడి నుంచి రావాలి? ఈ వ్యాసమంతా నిజానికి ఆ 5 లక్షల గురించే. గుడ్లు, పాలు, చికెన్ ఈ లెక్కలో వేయలేదు. అవి ఇంటి ఖర్చులోకి పోతాయి, చాలా ఇళ్లలో ఆట మాన్పించేదీ అవే.

సామాను గురించి ఒక్క మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లకు ఇనుము ఎప్పటికీ అరగదనిపిస్తుంది. మగవాళ్ల పోటీ రాడ్డు 20 కిలోలు, మందం 28 మిల్లీమీటర్లు. ఆడవాళ్లది 15 కిలోలు, మందం 25 మిల్లీమీటర్లు. చూడటానికి తేడా తెలియదు కానీ పన్నెండేళ్ల ఆడపిల్ల అరచేతికి తెలుస్తుంది. లావు రాడ్డు మీద బొటనవేలిని వేళ్ల కింద బిగించి పట్టు వేయడం ఆ చేతికి అందదు. పట్టు కుదరకపోతే మణికట్టు వంగుతుంది, నడుము మీద భారం పడుతుంది. ఆడపిల్లలు చేరిన రోజు నుంచి హాలుకు రెండో రాడ్డు కావాలి, బట్టలు మార్చుకునే గది కావాలి, గొళ్లెం పడే బాత్‌రూమ్ కావాలి. డబ్బు లేని చోట ముందు ఆగిపోయేవి ఇవే. అమ్మాయిలు రావడం లేదని కోచ్‌లు అంటుంటారు, నిజానికి వచ్చి చూసి వెళ్లిపోయినవాళ్లే ఎక్కువ. ఇక రబ్బరు ప్లేట్లు పగులుతాయి. వాటి బదులు ఇనుప ప్లేట్లు వాడితే నేల పగులుతుంది. కింద వేసే 4 మీటర్ల చదరపు చెక్క వేదిక ఒక్క వానాకాలం కప్పు కారితే ఉబ్బిపోతుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది. రేకుల కప్పు ఉన్న హాలుకు ఈ తీరంలో తుఫాను ఎప్పుడో ఒకసారి వచ్చే ఖర్చు కాదు, లెక్కలో ఉంచుకోవాల్సిన ఖర్చే. కానీ హాలు కట్టే అంచనాలో కప్పు ఒక్కసారే ఉంటుంది.

ఎవరెవరు ఎంతవరకు ఇస్తారు

కేంద్రం నుంచి మొదలుపెడితే, 2025-26 కేంద్ర బడ్జెట్‌లో క్రీడలు, యువజన శాఖకు 3,794 కోట్లు, అందులో ఖేలో ఇండియాకు వెయ్యి కోట్లు కేటాయించారు. ఆ పథకంలో మనకు సూటిగా పనికొచ్చేది ఖేలో ఇండియా సెంటర్. మాజీ ఛాంపియన్ కోచ్‌గా ఉండే ఈ సెంటర్‌కు ఒక ఆటకు మొదట ఒకసారి 5 లక్షలు, తర్వాత ఏటా 5 లక్షలు ఇస్తారు. ఏటా ఇచ్చేదాంట్లో 3 లక్షలు కోచ్ పారితోషికం. మన ఊహా లెక్కకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. అంటే చిన్న హాలు నడవడానికి ఎంత కావాలో ఢిల్లీకి తెలుసు. చిక్కు సంఖ్యతోనే. దేశం మొత్తానికి అనుకున్న సెంటర్లు సుమారు వెయ్యి, అంటే జిల్లాకు ఒకటీ అరా. 2011 జనాభా లెక్కల్లోనే బరంపురం ఉన్న గంజాం జిల్లా జనం 35 లక్షలు, జనాభాలో ఒడిశాలో అన్నిటికంటే పెద్ద జిల్లా.

అదే పథకంలో ఎంపికైన ఆటగాడికి ఏడాదికి 6 లక్షల 28 వేలు కేటాయిస్తారు. శిక్షణ, తిండి, పోటీలు, వైద్యం అన్నీ అందులోనే, చేతికి మాత్రం నెలకు 10 వేలు. ఇది ఎక్కువని ఎవరూ అనరు, పై స్థాయి శిక్షణ ఖరీదైనదే. కానీ ఒక్క ఆటగాడికి పెట్టే ఆ మొత్తం మన 60 మంది పిల్లల హాలు ఏడాది ఖర్చు కంటే ఎక్కువ. పైకెళ్లిన ఒక్కడికి దారి పరిచాం. వాడితోపాటు మొదలుపెట్టిన 59 మంది సాయంత్రాలు ఎక్కడ గడపాలన్నది ఏ పథకంలోనూ లేదు. ఔత్సాహిక క్రీడ అంటే అసలు ఆ 59 మందే. వాళ్లు పతకం తేరు, తెచ్చే అవసరం కూడా లేదు. ఒళ్లు గట్టిపడి, చెడు సావాసాలు లేక, పదిమందితో కలిసి ఓడిపోవడం నేర్చుకుంటే అదే లాభం.

రాష్ట్రం సంగతి పైన చూశాం. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో కార్పొరేట్ సంస్థలతో కలిసి ఆటకొకటి చొప్పున నడిపే హై పెర్ఫార్మెన్స్ సెంటర్ల వరసలో వెయిట్‌లిఫ్టింగ్‌కు కూడా ఒకటి పెట్టారు. మంచిదే. అది పై మెట్టు. అక్కడికి వెళ్లే పిల్లాడు అప్పటికే నాలుగైదేళ్లు ఎక్కడో ఎత్తి ఉండాలి కదా, ఆ నాలుగైదేళ్ల ఖర్చు ఎవరి పద్దులోనూ కనపడదు. ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల నియోజకవర్గ అభివృద్ధి నిధులు) లాంటివి కూడా కట్టడాలకే దారి చూపుతాయి, వాటితో జీతాలు ఇవ్వడం కుదరదు.

అసలు ముడి మున్సిపల్ కార్పొరేషన్ దగ్గర ఉంది. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో క్రీడలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి, 33వ అంశం, సినిమాలు, వినోదాల పక్కన. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ పనులు 18 ఉన్నాయి. అందులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు ఉన్నాయి, ఆటలు నేర్పించడం లేదు. మైదానం కార్పొరేషన్‌ది, ఆట రాష్ట్రానిది, పతకం దేశానిది. కోచ్ ఎవరివాడూ కాదు.

డబ్బు చూసినా అంతే. 2021-26 మధ్య పదిహేనో ఆర్థిక సంఘం బరంపురం లాంటి పది లక్షల లోపు జనాభా పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు గానీ జీతభత్యాలకు వాడకూడదన్నది షరతు. అంటే ఆ డబ్బుతో మైదానానికి ప్రహరీ కట్టొచ్చు, కోచ్‌కి నెల జీతం ఇవ్వడానికి లేదు. ఇక మిగిలేది సొంత ఆదాయం, అంటే హోల్డింగ్ టాక్స్ (ఆస్తి పన్ను), షాపుల అద్దెలు, లైసెన్సు ఫీజులు. దాని కోసం కాలువలు, దోమలు, చెత్త బండ్లు క్యూలో ముందే నిలబడి ఉంటాయి. 42 వార్డుల్లో ఏ కార్పొరేటర్‌నైనా పూడిక ముందా, కోచ్ ముందా అని అడగండి. ఏమంటాడో మనకు తెలుసు, తప్పు పట్టడానికీ లేదు.

అయితే ఒక ఆదాయం గురించి మాత్రం తప్పు పట్టొచ్చు. ఊళ్లో మైదానం అన్నది ఆటకంటే మిగతా వాటికే ఎక్కువ పనికొస్తుంది. ఎగ్జిబిషన్లు, సభలు, దీపావళి టపాసుల దుకాణాలు. అవి వెళ్లిపోయాక గుంజలు పాతిన గుంతలు, విరిగిన సీసాలు, మేకులు మిగులుతాయి. వాటిని ఏరేది మర్నాడు పొద్దున వచ్చిన పిల్లలే. మైదానానికి వచ్చిన అద్దె మాత్రం మున్సిపల్ నిధిలో కలిసిపోతుంది. మైదానం సంపాదించిందాంట్లో కొంత భాగమైనా మైదానానికే తిరిగి రావాలని అడగడం పెద్ద విప్లవమేమీ కాదు. ఒక కౌన్సిల్ తీర్మానం, ఒక ప్రత్యేక పద్దు చాలు.

కంపెనీల రెండు శాతం

బరంపురంలో ఆటల గురించి ఏ మీటింగు పెట్టినా ఎవరో ఒకరు లేచి "సీఎస్ఆర్ తెస్తే అయిపోతుంది కదా" అంటారు. సీఎస్ఆర్ అంటే కంపెనీలు తమ లాభంలోంచి సామాజిక పనులకు పెట్టే డబ్బు. ఛత్రపురంలో ఐఆర్ఈఎల్ (ఒకప్పటి ఇండియన్ రేర్ ఎర్త్స్) ఉంది, గోపాల్‌పూర్‌లో పోర్టు ఉంది, పారిశ్రామిక పార్కు ఉంది, నిజమే. చట్టంలో అవకాశమూ ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువో, వెయ్యి కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏయే పనులకు పెట్టొచ్చో చెప్పే ఆ చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడల శిక్షణ ఉంది. కంపెనీ ఉన్న ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలన్న మాటా ఉంది.

మరి ఎందుకు రాదు? మొదటి కారణం, మనవాళ్లు అడిగేది తప్పు. టోర్నమెంటు పెడుతున్నాం, మీ పేరు బ్యానర్ మీద వేస్తాం, లక్ష ఇవ్వండి అని వెళ్తారు. మారథాన్లు, అవార్డుల్లాంటి ఒక్కరోజు కార్యక్రమాలు సీఎస్ఆర్ కిందికి రావని కంపెనీ వ్యవహారాల శాఖ 2014లోనే సర్క్యులర్ ఇచ్చింది. తమ సరుకుకు ప్రచారం వచ్చే స్పాన్సర్‌షిప్ కూడా రాదు. బ్యానర్ ఆశ చూపితే ఆ డబ్బు కంపెనీ ప్రకటనల ఖాతాలోంచి రావాలి, దానికి చిన్న ఊరి వెయిట్‌లిఫ్టింగ్ ఎందుకు నచ్చుతుంది? అడగాల్సింది శిక్షణ గురించి, ఏడాది పొడవునా జరిగే పని గురించి.

రెండో కారణం కాగితాలు. వేరే సంస్థ ద్వారా పని చేయించాలంటే ఆ సంస్థ సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరై ఉండాలి, ఆదాయపన్ను శాఖలో 12ఏ, 80జీ అని పిలిచే పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు ఉండాలి, మూడేళ్ల పని అనుభవం చూపాలి, 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. మన వ్యాయామశాలల సంగతి చూడండి. స్థలం ఒక గుడిదో, వీధి కమిటీదో, ఎప్పుడో చనిపోయిన పెద్దాయన నోటిమాటగా ఇచ్చిందో అయి ఉంటుంది. కరెంటు మీటరు ఇంకొకరి పేరు మీద ఉంటుంది. గురువు గారు ఒడియా ధారాళంగా మాట్లాడతారు గానీ దరఖాస్తు రాయాలంటే ఇంకొకరు కావాలి. ఫారం నింపే కుర్రాడికి కాలేజీ పరీక్షల టెన్షన్. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని తయారు చేస్తున్న మనిషికి మూడేళ్ల అనుభవం కాగితం మీద లేక ఆగిపోతుంది.

మూడోది ఎవరూ పైకి చెప్పరు. సీఎస్ఆర్ ఖర్చులో కంపెనీ తన కార్యాలయ నిర్వహణకు 5 శాతం మించి వాడకూడదు. 5 లక్షల పనిని తనిఖీ చేయడానికి పట్టే శ్రమే 50 లక్షల పనికీ పడుతుంది. అలాంటప్పుడు ఏ అధికారైనా చిన్న చిన్న క్లబ్బులు పది కంటే పెద్ద ప్రాజెక్టు ఒకటి ఎంచుకుంటాడు. దీనికి మందు చిన్న క్లబ్బులు కలవడమే. పది హాళ్లకు కలిపి ఒక రిజిస్టర్డ్ సంస్థ, ఒక ఆడిటర్, ఒక దరఖాస్తు. చెప్పడం తేలిక, చేయడం కష్టం, ఎందుకంటే ఒక గురువు శిష్యులు ఇంకో గురువు గుమ్మం తొక్కని ఊళ్లివి. కోశాధికారి ఎవరన్న దగ్గరే మీటింగు ముగిసిపోతుంది.

చందాకు తేదీ కావాలి

ఇంత చెప్పాక కూడా ఈ ఊళ్లో డబ్బు పోగవదని నేను అనను. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతర చూసినవాళ్లెవరూ అనరు. తెలుగు దేవాంగుల ఇళ్ల నుంచి మొదలై ఊరంతా అల్లుకునే ఆ పండుగలో నెల రోజుల పాటు వేషాలు, మేళాలు నడుస్తాయి. వీధులు తమంతట తామే చందాలు వేసుకుంటాయి. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లినవాళ్లు ఊరి గుడికి, ఊరి పండుగకు డబ్బు పంపుతారు. అదే డబ్బు క్రికెట్, కబడ్డీ టోర్నమెంట్లకూ వస్తుంది.

కానీ చందా ఇచ్చేవాడికి ఒక తేదీ, ఒక మైకు, ఒక రశీదు కావాలి. టోర్నమెంటుకు ఇస్తాడు, ప్రాక్టీసుకు ఇవ్వడు. అందుకే మన ప్రాంతంలో షామియానా, కప్పులు, మొదటి బహుమతి, విందు అన్నిటికీ డబ్బు దొరుకుతుంది, మిగతా 360 రోజులకు దొరకదు. పైగా బహుమతి పెద్దదైన కొద్దీ జట్లు బయటి ప్లేయర్లను తెచ్చుకుంటాయి. ఊరి పిల్లలు చప్పట్లు కొడుతూ గట్టు మీద కూర్చుంటారు. ఎంట్రీ ఫీజులో, చందాలో పదో వంతైనా ఆ ఊరి మైదానానికి వదిలిపెట్టాలన్న నియమం ఏ టోర్నమెంటు కమిటీ అయినా పెట్టుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సూరత్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పదహారు, పదిహేడేళ్లకు బాగా ఎత్తుతున్న పిల్లాడు ఒక వేసవి తర్వాత కనపడడు. సూరత్ వెళ్లిపోయాడంటారు. కోచ్ ఐదేళ్ల కష్టం రైలెక్కిపోయినట్టే. వాణ్ని ఆపగలిగింది ఒకప్పుడు స్పోర్ట్స్ కోటా ఉద్యోగ ఆశే. రైల్వే, పోలీసు, ప్రభుత్వ సంస్థలు ఆటగాళ్లకు ఉద్యోగాలివ్వడం ఈ దేశంలో ఔత్సాహిక క్రీడకు అతి పెద్ద చాటు పోషణ. మల్లీశ్వరి కూడా ఎఫ్‌సీఐలో (భారత ఆహార సంస్థ) ఉద్యోగం చేసినావిడే. మన వ్యాయామశాలల్లో జీతం తీసుకోకుండా నేర్పే గురువుల్లో చాలామంది ఇలా ఉద్యోగం దొరికినవాళ్లే. పగలు ఆఫీసు, సాయంత్రం హాలు. వాళ్లు రిటైరయ్యాక ఆ కుర్చీలోకి ఎవరు వస్తారు? ఉద్యోగం లేని కుర్రాడు జీతం లేకుండా నేర్పడు, నేర్పమని అడిగే హక్కూ మనకు లేదు.

సరిహద్దు చిక్కు కూడా ఒకటుంది. ఇచ్ఛాపురానికి బరంపురం పాతిక కిలోమీటర్లు, శ్రీకాకుళం వంద దాటుతుంది. అక్కడి పిల్లాడు ఇక్కడికొచ్చి నేర్చుకోవడం సహజం. కానీ పోటీల్లో వాడు ఆంధ్ర తరఫున దిగుతాడు. క్రీడలు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి డబ్బు కూడా రాష్ట్రం గీత దగ్గర ఆగుతుంది. వాడు గెలిస్తే బరంపురం హాలు ఖాతాలో ఏమీ పడదు. పతకాలను బట్టి డబ్బిచ్చే పద్ధతి ఇలాంటి సరిహద్దు హాళ్లను పనిచేయనివిగా చూపిస్తుంది. హాజరు పట్టీని బట్టి ఇస్తే ఈ తేడా రాదు. రోజుకు ఎంతమంది వస్తున్నారు, అందులో ఆడపిల్లలు ఎంతమంది, ఏడాది తర్వాత ఎంతమంది మిగిలారు, ఈ మూడు చూస్తే హాలు సంగతి తెలిసిపోతుంది.

ఫీజు విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ప్రభుత్వ హాలు అందరికీ ఉచితంగా ఉండాలనడం వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఉచితం అంటే సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు షటిల్ కోర్టులు స్కూటర్ల మీద, కార్ల మీద వచ్చిన పెద్దవాళ్లతో నిండిపోవడం, పిల్లలు బయట నిలబడటం. ఆ మూడు గంటలకు పెద్దవాళ్ల దగ్గర మార్కెట్ రేటు తీసుకోవాలి, ప్రైవేటు కోర్టుకు వాళ్లు ఎలాగూ కడుతున్నారు. ఆ డబ్బుతో నాలుగు నుంచి ఆరు వరకు పిల్లలకు ఫీజు లేకుండా నడపాలి. షటిల్ కోర్టులున్న ఇంకో ఊహా హాలులో గంటకు 200 చొప్పున రెండు కోర్టులు, మూడు గంటలు, నెలకు 25 రోజులు నిండితే 30 వేలు. ఏడాదికి 3 లక్షల 60 వేలు. అనుకున్నదాంట్లో సగమే నిండినా కోచ్ జీతంలో నాలుగింట మూడు వంతులు వచ్చినట్టే. ఇదంతా కరెంటు, నెట్లు పోను మిగిలేది కాదు, అయినా చేతి చమురు వదిలించుకుంటున్న కోచ్‌కి పెద్ద ఊరట.

ఇక్కడే జాగ్రత్త కూడా కావాలి. డబ్బు వస్తుందని తెలిశాక మొత్తం హాలును ప్రైవేటు ఏజెన్సీకి లీజుకివ్వాలన్న ఆలోచన పుడుతుంది. లీజు కాగితంలో పిల్లల గంటలు, వాళ్ల సంఖ్య స్పష్టంగా రాయకపోతే మొదటి ఏడాదే అవి పొద్దున ఐదింటికి జరిగిపోతాయి.

బడి మైదానాలు ఇంకో దారి. తెలుగు బడులు ఈ ఊళ్లో ఏటేటా పల్చబడుతున్నాయి, వాటి ఆవరణలు సాయంత్రం తాళం వేసి ఉంటాయి. కొత్త స్థలం కొనకుండా కొత్త మైదానం దొరికే చోటు ఇదొక్కటే. హెడ్‌మాస్టర్ల భయం న్యాయమైనదే, కిటికీ పగిలితే, పిల్లాడు పడితే తనమీదికి వస్తుంది. కార్పొరేషన్ ఒక కాపలా మనిషినీ, ఒక బీమా పాలసీనీ ఇస్తే ఆ భయం తీరుతుంది. పథకం అనేంత పెద్దది కాదు కాబట్టే దీన్ని ఎవరూ ప్రకటించరు.

కార్పొరేషన్ బడ్జెట్ మార్చిలోపు కౌన్సిల్ ముందుకు రావాలి. అంకెలు దానికి రెండు మూడు నెలల ముందే సిద్ధమవుతాయి, సంక్రాంతి నాటికి వార్డు కార్పొరేటర్‌ను కలవకపోతే ఆ ఏడాదికి మాట దాటిపోయినట్టే. అడగాల్సింది కొత్త స్టేడియం కాదు. "క్రీడా నిర్వహణ" అని ఒక పద్దు, అందులోకి మైదానాల అద్దెలో ఒక వాటా, అందులోంచి ముందు కోచ్‌ల పారితోషికం, ఆ తర్వాతే ఇంకేదైనా. మొదటి ఏడాది అందులో 10 లక్షలే వేసినా పర్వాలేదు. పద్దంటూ తెరుచుకుంటే మరుసటి ఏడాది గొడవ ఎంత అన్నదాని మీద జరుగుతుంది, ఇవ్వాలా వద్దా అన్నదాని మీద కాదు.